చిన్న విద్యుద్వాహనములు: ఆటకేవి, అక్కఱకేవి?

స్త్రీలకు బండి యేల యని యడుగువారు మన పట్టణములలో నిప్పుడు మిక్కిలి తగ్గిపోయిరి. కైక దశరథుని రథమును కాపాడెననియు, సుభద్ర అర్జునుని రథపు పగ్గములు పట్టెననియు కథలు చెప్పుకొను దేశములో నసలా ప్రశ్న పుట్టుటయే వింత. నేటి ప్రశ్న వేఱు. అంగడికి బోయినచో విద్యుచ్ఛక్తితో నడచు చిన్న బండ్లు పదిరకములు కనబడుచున్నవి. కూర్చుండి నడపునవి, నిలుచుండి నడపునవి, రెండు చక్రములవి, ఒంటి చక్రమువి, మడిచి చేత బట్టుకొని పోదగినవి. వీనిలో నేదియు పెట్రోలు నడుగదు; ఏదియు చప్పుడు చేయదు; అన్నియు చూపునకు ముచ్చటగానే యుండును. పిల్లవాని పుట్టినరోజునకు కొన్న బండితోనే తల్లి కూరలు తెచ్చుకొనవచ్చునా? తెచ్చుకొనవచ్చునని అంగడివాడు చెప్పును. అన్నిటితోను వలనుపడదని నేను చెప్పుచున్నాను.

ఈ సంగతి నిప్పుడే వ్రాయుట కొక కారణము కలదు. తెలంగాణములో 2023 సం॥ డిసెంబరు 9వ తేదీనుండియు, ఆంధ్రప్రదేశములో 2025 సం॥ ఆగస్టు 15వ తేదీనుండియు ప్రభుత్వపు బస్సులు పెక్కింటిలో స్త్రీలు రుసుము చెల్లింపకయే ప్రయాణము చేయుచున్నారు. ఊరినుండి యూరికి బోవు వ్యయము చాలవఱకు తీఱినది. కాని యింటినుండి బస్సు నిలుచుచోటికి గల రెండు మూడు కిలోమీటర్ల దారి యట్లే యున్నది. మా వీథిలో బట్టలు కుట్టి జీవించు నొక యమ్మ కలదు. వయస్సు నలువది యైదు; భర్త గతించి యేడేండ్లైనది. పట్టణములోని యొక దుకాణములో నామెకు జాకెట్లు కుట్టు పని దొరికినది. బస్సునకు ఖర్చు లేదు. కాని బస్సు నందుకొనుటకు ఉదయమున ఆటో, రాత్రి ఎనిమిదింటికి దిగి యింటికి వచ్చుటకు మఱల ఆటో. ఆ రెండు బేరములకే జీతములో నైదవవంతు కరగిపోవుచుండెను. ఆటో దొరకని రాత్రి చీకటిదారిని నడచి రావలెను. ఒకనాడామె మా యింటి యరుగుపై కూర్చుండి, “అమ్మా, పని మానుకొందునా, లేక బండి కొందునా?” అని యడిగినది. అప్పటినుండి నేనీ బండ్ల సంగతి విచారింప మొదలుపెట్టితిని.

మొదట ఆటబండ్ల మాట ముగింతము. 2001 సం॥ డిసెంబరులో అమెరికాదేశమున డీన్ కామెన్ అను యంత్రశిల్పి సెగ్వే యను బండిని లోకమునకు చూపెను. దానికి రెండు చక్రములు ప్రక్కప్రక్కన నుండును. నడుమ నొక పలక. పలకపై నిలిచి ముందునకు వ్రాలిన ముందునకు, వెనుకకు వ్రాలిన వెనుకకు బోవును. నగరముల రూపమే మారిపోవునని యానాడు గొప్పగా చెప్పుకొనిరి. దాని వెల సుమారు 5000 డాలర్లు, బరువు 38 కిలోలు, వేగము గంటకు 20 కిలోమీటర్లు. అంత సొమ్ము పోసి యంత బరువు నెవరు మోతురు? పోలీసువారును, యాత్రికులకు వింతలు చూపువారును కొంతకాలము వాడిరి. 2020 సం॥లో దాని తయారీ నిలిచిపోయెను.

సెగ్వే పోయినను దాని యుపాయము పోలేదు. హోవర్‌బోర్డు, ఒంటిచక్రపు బండి, నడుమ నొక్క లావుచక్రముగల వన్‌వీల్ అను పలక, ఇవన్నియు దాని సంతానమే. వీని కిటుకు తెలిసికొనుట మంచిది. అరచేతిలో కఱ్ఱను నిట్టనిలువుగా నిలిపి యాడు పిల్లవాడు కఱ్ఱ వ్రాలిన వైపునకు చేతిని జరుపును గదా! ఈ బండిలోని యంత్రమును అట్లే మనిషి వ్రాలిన దిక్కునకు చక్రమును పరుగెత్తించి, పడకుండ నిలుపుచుండును. ఐతే చేయి జరుపుటకు బలము మిగిలియున్నంతవఱకే కఱ్ఱ నిలుచును. బ్యాటరీ తగ్గినప్పుడు గాని, ఎత్తెక్కునప్పుడు గాని, వేగము హద్దు చేరినప్పుడు గాని మోటారు తన బలమునంతయు వెచ్చించియుండును. అటుపై మఱికొంచెము వ్రాలినచో నిలుపుటకు దానికడ నేమియు మిగులదు. మనిషి ముందునకు బోర్లపడును. సైకిలునకు మోటారు ఆగిపోయిన బండి నెమ్మదించును. వీనికి మోటారు ఆగిపోయిన మనిషి పడును.

ఇది యూహ గాదు. వన్‌వీల్ పలకలవలన 2019, 2021 సంవత్సరముల నడుమ అమెరికాలో నలుగురు మరణించిరి. 2023 సం॥ సెప్టెంబరులో సుమారు మూడు లక్షల పలకలకు దోషనివారణము చేయవలసి వచ్చెను. హోవర్‌బోర్డుల కథ మఱియొక తీరు. 2015 సం॥న అవి లోకమంతట పిల్లలను వెఱ్ఱియెత్తించినవి. చవుక బ్యాటరీలు అంటుకొనుచుండుటచే 2016 సం॥ జులైలో అమెరికా ప్రభుత్వ సంస్థ యైదు లక్షలకు పైగా బోర్డులను వెనుకకు రప్పించెను. ఇప్పటివి యంతకంటె మేలైనవే. విశాలమైన గచ్చుపై, తలకు హెల్మెట్టును, మోకాళ్లకు మోచేతులకు పట్టీలును కట్టి, పెద్దలెదుట నుండగా పిల్లలు ఆడుకొన్న నేను వలదనను. మా వారు బడిలో పిల్లలకు తూనిక సూత్రము చెప్పుటకు దానినొకసారి తెప్పించిరి. ఆ పాఠము పిల్లలు మఱువలేదట. కాని కూరలసంచితో, చీరకట్టుతో, ఎదుట లారీ వచ్చుచుండగా దానిపై నిలుచుట వెఱ్ఱి.

ఇక నిలువు స్కూటరు. పిల్లలు కాలితో తన్నుచు పోవు బండికి మోటారు తగిలించిన రూపమిది. దీని పుట్టుక మన మనుకొనునంత క్రొత్తది గాదు. 1915 ప్రాంతమున అమెరికాలో ఆటోపెడ్ అను నిలువు స్కూటరు పెట్రోలుతో నడిచెడిది. లండనులో స్త్రీల వోటుహక్కునకై పాటుపడిన ఫ్లోరెన్సు నార్మన్ అను నామె 1916 సం॥న దానిపై తన పనికి బోవుచున్న ఛాయాచిత్రము నేటికిని నిలిచియున్నది. పొడుగుపాటి గౌను, టోపీ ధరించి, చక్కగా నిలిచి నడపుచున్న యా చిత్రమును చూచినప్పుడు నాకు ముచ్చటవేసినది. నూఱేండ్లకు పిమ్మట షియోమి కంపెనీవారు 2016 సం॥న విడుదల చేసిన విద్యుత్తు నమూనా ఈ జాతికంతకు మూలపురుషుడైనది. బరువు 12 కిలోలకు కొంచెము పైన. మోటారు 250 వాట్లు. వేగము గంటకు 25 కిలోమీటర్లు. ఒకసారి బ్యాటరీ నింపిన 30 కిలోమీటర్లు పోవునని వారి మాట. మడిచిన బల్లక్రింద దాగును.

2017 సం॥న అమెరికాలోని శాంటామోనికాలో వీనిని వీథులయందు బాడుగకు పెట్టు వర్తకము మొదలై లోకమంతట వ్యాపించెను. విదేశములలో చదువుకొను మన తెలుగుపిల్లలు పెక్కుమంది వసతినుండి తరగతికి వీనిపైననే పోవుచున్నారు. అక్కడి దారులు నున్నని దారులు. నడచువారికి వేఱు దారి, సైకిళ్లకు వేఱు దారి చాలచోట్ల కలదు. ఐనను అక్కడివారికే విసుగు పుట్టినది. సింగపూరులో 2019 సం॥ నవంబరు 5వ తేదీనుండి నడచుదారులపై వీనిని నిషేధించిరి. పారిసు నగరములో 2023 సం॥ ఏప్రిల్ 2వ తేదీన బాడుగ స్కూటర్లు ఉండవలెనా వలదా యని ప్రజల నడుగగా, వోటు వేసినవారిలో నూటికి 89 మంది వలదనిరి. వోటువేయ వచ్చినవారు నూటికి ఎనమండ్రైన లేరనుమాట నిజమే. సెప్టెంబరునాటికి వాని నన్నిటిని ఎత్తివేసిరి. ఇంగ్లండులో సొంతమునకు కొనవచ్చును గాని రాజమార్గముపై నడపరాదు!

అమెరికానుండి కొడుకో కూతురో యొకటి తెచ్చి యిత్తునన్నచో నొక మాట. 160 వాట్-గంటల శక్తి మించిన లిథియము బ్యాటరీని ప్రయాణికులు విమానములో వెంట తీసికొని పోవుటకు వీలులేదు. ఈ స్కూటర్ల బ్యాటరీలు చాలవఱకు దానికి రెట్టింపు గలవి. కావున ఆ యాశ వలదు.

మన దారులకు నిలువు స్కూటరు సరిపడకుండుటకు ముఖ్యకారణము చక్రము. సాధారణపు నిలువు స్కూటరు చక్రము నిలువునకు ఎనిమిదిన్నర అంగుళములు. అనగా ఇరుసునుండి నేలకు నాలుగుంబావు అంగుళములే. మూడంగుళముల గుంట దానికి గుంట గాదు, గోడ. సైకిలు చక్రము 26 అంగుళములది యనుకొందము. ఇరుసు నేలకు 13 అంగుళముల యెత్తున నుండును. అదే గుంటలో సైకిలు కొంచెము దిగి మఱల నెక్కును. స్కూటరు చక్రము అంచునకు తగిలి నిలిచిపోవును. నిలుచున్న మనిషి మాత్రము నిలువడు. గంటకు 25 కిలోమీటర్ల వేగమనగా క్షణమునకు సుమారు ఏడు మీటర్లు. గుంట కంటబడి చేయి బ్రేకుపై బడులోపలనే యేడు మీటర్లు గడచిపోవును. కురుక్షేత్రములో కర్ణునంతవాని రథచక్రము క్రుంగినప్పుడే గతి యేమైనదో మనమెఱుగుదుము. వానకాలములో మన వీథులలో నీరు నిలిచినపుడు ఏ గుంట యెక్కడ నున్నదో కర్ణునికైనను తెలియదు.

అందుచే నా తీర్పిది. కొత్తగా కట్టిన కాలనీలలో, సిమెంటుదారులున్న చోట, గేటునుండి గేటునకు పోవుటకు నిలువు స్కూటరు పనికివచ్చును. కనీసము పది అంగుళముల గాలిచక్రములుండవలెను. గట్టిరబ్బరు చక్రములు వద్దు, వెన్నెముక విఱుగును. సామాను కొక్కెమునకు తగిలించిన పిడి యొకవైపునకు లాగును. కావున చేతిసంచి కంటె వీపునకు తగిలించు సంచి మేలు. బస్సులో మడిచి పెట్టుకొనవచ్చును గదా యని యువతు లనవచ్చును. 12 కిలోల బరువనగా అరబస్తా బియ్యము. నిండిన బస్సులో నొక చేత కడ్డీ పట్టుకొని రెండవచేత దాని నెన్ని దినములు మోతురో చూచుకొనవలెను.

ఇప్పుడు నాకు ప్రియమైన దానికి వచ్చితిని: విద్యుత్ సైకిలు. 1895 సం॥ డిసెంబరు 31వ తేదీననే అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ అను నతడు వెనుకచక్రపు నడిబొడ్డున మోటారు గల సైకిలునకు హక్కుపత్రము పొందియుండెను. దాదాపు నూఱేండ్లకు, 1993 సం॥న, జపానులో యమహా కంపెనీవారు తొక్కువారి కాలిబలమునకు తోడుగా మోటారు బలమిచ్చు సైకిలును అమ్మకమునకు తెచ్చిరి. బలముగా తొక్కిన బలముగా సాయపడును, మెల్లగా తొక్కిన మెల్లగా సాయపడును, మానిన మానును. ఆ దేశములో దీనికి ఆదరము తెచ్చినవారు పందెగాండ్రు గారు, తల్లులు. ముందొక పీఠము, వెనుకనొక పీఠము, రెండింట నిద్దఱు పిల్లలు, నడుమ తల్లి. ఉదయమున బాలశాలలో దింపి యటునుండియే పనికి బోవును. ఇద్దఱు పిల్లలను సైకిలుపై నెక్కించుకొనుట అక్కడి నియమములకు విరుద్ధముగా నుండగా, 2009 సం॥న తగిన కట్టుదిట్టములుగల సైకిళ్లపై నెక్కించుకొనవచ్చునని నియమమునే మార్చిరి. తల్లులకై చట్టము కదలిన సందర్భములు తఱచు గావు, ఇది యొకటి.

సాధారణ గృహిణి సైకిలు తొక్కినప్పుడు ఎడతెగక యీయగల బలము 75 మొదలు 100 వాట్లు. 250 వాట్ల మోటారనగా ఇద్దఱు ముగ్గురు మనుష్యులు వెనుకనుండి నెట్టుచున్నట్లే. ఎదురుగాలికి, వంతెనయెక్కుటకు, నెలసరి దినములలో కాళ్లు లాగునప్పుడు, మోకాళ్లనొప్పులకు ఆ యూతయే చాలును. ఇట్టి సైకిలు బ్యాటరీలో సామాన్యముగా పట్టు విద్యుత్తు ఒక యూనిట్టులో మూడవవంతు; అనగా పాతకాలపు 60 వాట్ల దీపము ఆఱు గంటలు వెలిగినంత. దానితో తొక్కుచు ముప్పది కిలోమీటర్లు సులభముగా పోవచ్చును. కరెంటుబిల్లులో దాని పాలు వెదకినను కనబడదు. అన్నిటికంటె గొప్ప గుణ మింకొకటి. నడిదారిలో బ్యాటరీ యైపోయినచో తక్కిన బండ్లన్నియు త్రిశంకువులగును. ఇది సైకిలుగా మిగులును. తొక్కి యింటికి రావచ్చును. పంచరు పడినచో వీథిచివర దుకాణమువాడే వేయును.

కొనునప్పుడు చూడవలసినవి కొన్ని కలవు. నడుమ కడ్డీ లేనిది, చీరతో నెక్క వీలైనది కావలెను. గొలుసునకు మూత, వెనుకచక్రమునకు చీర చుట్టుకొనకుండ జాలి తప్పక వేయింపుడు. యువకులకై చేసిన సొగసు నమూనాలకు ఇవి యుండవు, క్యారియరు సైతముండదు. బ్రేకుపై చేయి పడగానే మోటారు తానై యాగిపోవు నేర్పాటు ఉండవలెను. కొన్నిటిలో తొక్కు బలమును కొలచి సాయపడు పరికరముండును. చవుకవానిలో పెడలు తిరుగుట మాత్రమే గుర్తించును. ఈ రెండవది అరచుట్టు ఆలస్యముగా మేల్కొని యొక్కసారి ముందునకు దుముకును. సందులో మలుపు తిరుగునప్పుడా దుముకు మంచిది గాదు. తొక్కి చూడక కొనరాదని చెప్పుట యందుకే. వెల సుమారు 25 వేలనుండి 45 వేలవఱకు నుండును. అంతకుమించినవియు కలవు గాని మన పనికి వలదు.

ఇంత చెప్పితిని గాని, మా కుట్టుపని యమ్మకు సైకిలు తొక్కుట రాదు. మన తరమువారిలో నట్టివా రెంతమందియో! చిన్ననాడు అన్నదమ్ములు నేర్చుకొనుచుండగా మనము వాకిట నిలిచి చూచితిమి. “ఈ వయస్సున పడి చేయి విఱిగిన మిషను తొక్కునదెవరు, అమ్మా?” అని యామె యడిగినది. దానికి నా కడ సమాధానము లేకపోయెను. అట్టివారికి తగినది కూర్చుండి నడపు చిన్న స్కూటరు. పీఠము తక్కువ యెత్తు. రెండు పాదములు నేలకు ఆనును. కాళ్లక్రింద బియ్యపు సంచి పట్టును.

ఇక్కడ చట్టపు మాట స్పష్టముగా తెలిసికొనవలెను. మన దేశపు నిబంధనలప్రకారము మోటారు బలము 250 వాట్లకు లోపల, అత్యధికవేగము గంటకు 25 కిలోమీటర్లకు లోపల, బ్యాటరీ తీసివేయగా బరువు 60 కిలోలకు లోపలనున్న రెండు చక్రముల బ్యాటరీబండి మోటారు వాహనముగా ఎంచబడదు. దానికి లైసెన్సు, రిజిస్ట్రేషను అవసరములేదు. కాని యట్టిదని పరీక్షాసంస్థ ధ్రువపఱచిన పత్రముండవలెను. ఈ మూడింటిలో నేది మీఱినను అది మోటారు వాహనమే. లైసెన్సు, రిజిస్ట్రేషను, భీమా, హెల్మెట్టు అన్నియు కావలెను.

ఈ సందునే కొందఱు వర్తకులు వాడుకొనుచున్నారు. మా యమ్మ చీటీ పాడుకొని 65 వేలు పెట్టి యొక దుకాణమున స్కూటరు కొన్నది. లైసెన్సు వలదనిరి. బండిని యిచ్చునాడు పనివాడు, “మెల్లగా పోవునేమో యని భయపడకుడు, తీగె యొకటి తీసివేసితిని, నలువదికి బోవును” అని ఉపకారమువలె చెప్పెనట. నెల తిరుగకముందే దారిలో పోలీసువారాపి కాగితము లడిగిరి. ఆమె కడ రసీదు తప్ప నేమియు లేదు. బండి మూడు దినములు ఠాణాలో నుండెను. మూడు దినముల కూలి పోయెను. దుకాణమువానినడుగగా, “తీగె మేము తీయలేదు” అనెను. నలువది వేగముతో పోవుచు నెవరికైన తగిలియుండినచో భీమా లేని యామె యేమి చేసియుండును? మిషను నమ్మి యియ్యవలసి వచ్చెడిది. మఱొక మెస్త్రీ చేత తీగె తిరిగి పెట్టించి, ధ్రువపత్రపు ప్రతిని తయారీదారునుండి తెప్పించుటకు మా వారు రెండు జాబులు వ్రాసిరి. ఇప్పుడామె పీఠముక్రింద నా కాగితము ప్లాస్టిక్కు సంచిలో నున్నది. సోదరీమణులారా, బండి కొనునాడు ధ్రువపత్రపు ప్రతి చేతికి రానిదే డబ్బు నీయకుడు. రసీదు మీ పేరనే యుండవలెను. చీటీ మీది, పేరు మఱఁదిది యైన బండి, ఆ మఱఁదికి అవసరము పడినదాక మాత్రమే మీది.

లక్ష రూపాయలును అంతకు పైబడిన వెలగల పెద్ద విద్యుత్ స్కూటర్లు వేఱొక కుటుంబము. దినమునకు ముప్పది నలువది కిలోమీటర్లు తిరుగు ఉద్యోగినులకు, వెనుక పిల్లను కూర్చుండబెట్టుకొనువారికి అవియే తగును. లైసెన్సు తీసికొనుట కష్టమని వెనుదీయవలదు; ఆ పరీక్ష వంటకంటె కష్టము గాదు. ఇక్కడ నంతకంటె చెప్పను.

బ్యాటరీ మాట మాత్రము నిదానముగా చదువుడు. 2022 సం॥ ఏప్రిల్ నెలలో నిజామాబాదులో నొక వృద్ధుడును, విజయవాడలో నొక గృహస్థుడును ఇంటిలో ఛార్జింగునకు పెట్టిన స్కూటరు బ్యాటరీ ప్రేలి మరణించిరి. విజయవాడలో అది పడకగదిలో నుండెను. ఆ యేడే సెప్టెంబరులో సికింద్రాబాదున విద్యుత్ స్కూటర్ల దుకాణములో పుట్టిన మంటల పొగ పైనున్న వసతిగృహమున కెక్కి ఎనమండుగురు ప్రాణములు కోల్పోయిరి. అటుపిమ్మట ప్రభుత్వమువారు బ్యాటరీల పరీక్షలను 2022 డిసెంబరునుండి యొక విడత, 2023 మార్చి చివరినుండి మఱొక విడత కఠినము చేసిరి. కావున అంతకు పూర్వపు పాతబండి చవుకగా వచ్చుచున్నదని కొనుటకు ముందు పదిమాఱులాలోచింపుడు.

లిథియము బ్యాటరీ యనునది చిన్న చిన్న గడుల సముదాయము. ఒక గడి లోపల చెడి వేడెక్కినచో ప్రక్కగడిని వేడెక్కించును, అది మఱొకదానిని. ఒకసారి మొదలైన దానిని నీటిచెంబుతో నార్పలేము. వేడియే దానికి శత్రువు. మన వైశాఖపు టెండలో నలువది యైదు డిగ్రీలవఱకు పోవు మధ్యాహ్నమున ఎండలో నిలిపిన బండిని తెచ్చి వెంటనే తీగె తగిలింపరాదు. గంటసేపు నీడను చల్లాఱనిచ్చి పిదప పెట్టవలెను. దానితో నిచ్చిన ఛార్జరునే వాడవలెను. పొరుగింటివారి బండి ఛార్జరు పట్టినంత మాత్రమున సరిపోవునని తలపరాదు. అందఱు నిద్రించునప్పుడు వలదు. పడకగదిలో వలదు, వంటింట గ్యాసు ప్రక్కన వలదు. మనవారిండ్లలో వీథివాకిటి నడవయే ఛార్జింగునకు అనువైన చోటుగా తోచును. కాని అక్కడ మంట పుట్టినచో బయటికి పోవు దారియే మూసికొనిపోవును. పెరటి వసారా మేలు. క్రిందపడి సొట్టపోయినదిగాని, ఉబ్బినదిగాని, వింతవాసన వేయునదిగాని యైన బ్యాటరీని ఇంటిలో నుంచవలదు. కొందఱు చవుకబండ్లలో సీసపు బ్యాటరీల నిత్తురు. అవి అంత త్వరగా అంటుకొనవు గాని బరువెక్కువ. ఏడాది రెండేండ్లకే నీరసించి, ముప్పది కిలోమీటర్ల మాట పదునైదగును.

కుట్టుపని యమ్మ బండికి వచ్చి యిప్పటికి పదునొకండు నెలలైనది. ఉదయమున బస్సుస్టాండు ప్రక్కనున్న కాఫీహోటలువారి ఆవరణములో నెలకు నూఱు రూపాయలకు నిలిపి తాళము వేసి పోవును. ఆటోకు పోయిన సొమ్ము లెక్కించినచో రెండేండ్ల లోపల బండి వెల తిరిగి వచ్చునని మా వారు కాగితముపై చూపిరి. ఆమె యా లెక్కను పట్టించుకొనలేదు. “ఎనిమిదింటి బస్సు తప్పినను తొమ్మిదింటి బస్సున్నదను ధైర్యమే నాకు చాలునమ్మా” అనినది. ఇప్పుడు పండుగ కుట్టుడు దినములలో నదనపు గంటలు పనిచేయుచున్నది. ఆ కూలి వేఱుగ నుంచుచున్నది.

నేను మాత్రము నా సైకిలును విడువలేదు. ఆదివారము ఉదయమున బడి ఆటస్థలము ఖాళీగా నుండును. పెడళ్లు రెండు విప్పివేసి, పీఠము దించి, పాదములతో నేలను తన్నుచు ముందు తూనిక నేర్చుకొనుట, అది కుదిరిన పిదప పెడళ్లు బిగించుట మేము పాటించు పద్ధతి. మోటారును మొదటి వారము అసలు వేయము. ముప్పది దాటినవారు మువ్వురు, ఏబది దాటిన వారొకరు వచ్చుచున్నారు. ఆ యేబది దాటిన యామె గడచిన వారము ఆటస్థలము చుట్టు రెండు చుట్లు ఎక్కడను దిగక తిరిగివచ్చినది.